కుళాయికి ఇవతల, అవతల

మా అమ్మాయి నాలుగో తరగతి. పోయిన నెల సైన్సు పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: "నీటిని ఆదా చేయడానికి నువ్వు చేయగల ఒక పని రాయి." తను రాసిన జవాబు: "ఒక చొక్కా తక్కువ కొనుక్కుంటాను." దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ మార్కు. పక్కనే సరైన జవాబు కూడా రాసి ఇచ్చారు: పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయాలి.

పేపరు నా ముందు పడేసి, "మనం లెక్క వేసిందే కదా నాన్నా రాశాను, తప్పెలా అయింది?" అంది. నేను నీళ్లు నమిలాను. తప్పు కాదంటే టీచరును తక్కువ చేసినట్టు, తప్పే అంటే లెక్కను అబద్ధం చేసినట్టు.

ఆ లెక్క సంగతి ముందు చెప్పాలి.

అంతకు రెండు వారాల ముందు మా స్నానాలగదిలో కుళాయి కారడం మొదలైంది. లోపల వాషరు అరిగిపోయింది. ప్లంబరు రేపొస్తానన్నాడు, ఆ రేపు నాలుగు రోజులకు గానీ రాలేదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక టప్, టప్ అని ఒకటే చప్పుడు. "ఇలా కారితే ఎన్ని నీళ్లు పోతాయి నాన్నా?" అని అడిగింది. చాలా పోతాయమ్మా అన్నాను. "చాలా అంటే?" అంది. చుక్క చుక్క కలిస్తేనే సముద్రమని పిల్లలకు వందసార్లు చెప్పుంటాను. ఆ చుక్కలో ఎన్ని నీళ్లుంటాయో ఒక్కసారీ కొలిచిన పాపాన పోలేదు.

సరే, చూద్దామని ఒక స్టీలు గ్లాసు తెచ్చాం. అందులో ఎంత పడుతుందో ముందు తెలియాలి కదా. దగ్గుమందు సీసాతో పాటు వచ్చే 10 మిల్లీలీటర్ల కొలత మూత ఒకటి దొరికింది. దాంతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టింది. సరిగ్గా ఇరవై మూతలు, అంటే 200 మి.లీ. గ్లాసును కుళాయి కింద పెట్టి, గోడ గడియారం కనిపించేలా గుమ్మంలో కూర్చుంది. మధ్యలో తమ్ముడొచ్చి గ్లాసు జరిపేస్తే కాసేపు పోట్లాట, మళ్లీ మొదట్నుంచి లెక్క. అంచుదాకా నిండడానికి 40 నిమిషాలు పట్టింది.

గంటకు గ్లాసున్నర. రోజుకు 36 గ్లాసులు, 7 లీటర్ల 200 మి.లీ. తనకు చాలా నిరాశ. "ఇంతేనా? సగం బకెట్టు కూడా లేదు" అంది. పోస్టర్లలో కన్నీళ్లు కార్చే భూగోళాన్ని చూసి పెరిగిన పిల్ల, కనీసం ఒక డ్రమ్ము నిండుతుందనుకుంది. అదే ఊపులో టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు మూత తీయించింది. నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, ఒకసారి నొక్కి ఖాళీ చేసి, లీటరు సీసాతో నింపుతూ వచ్చాం. తొమ్మిది సీసాలు పట్టింది. రోజంతా కారిన దానికన్నా ఒక్కసారి నొక్కినందుకు పోయేదే ఎక్కువ! అప్పుడు కుళాయి లెక్కను ఏడాదికి గుణించింది: 2,628 లీటర్లు. "ఇది ఎక్కువే" అంది తృప్తిగా.

అక్కడితో నేను ఊరుకోవాల్సింది. తెలిసిన ముక్క చెప్పేయాలనే దురద ఒకటుంటుంది కదా. "ఒక నూలు టీషర్టుకి, పత్తి పండించడం దగ్గర్నుంచి రంగు అద్దడం దాకా, సుమారు 2,700 లీటర్లు పడతాయట" అన్నాను. తను పెన్సిలు ఆపింది. నోటుబుక్కులో అంకె మీద వేలు పెట్టి, "అంటే ఈ కుళాయి ఏడాదంతా కారితే ఒక చొక్కా" అంది. తర్వాత లేచి వెళ్లి అలమరలో తన చొక్కాలు లెక్కపెట్టుకుంది. ఎన్నున్నాయో నాకు చెప్పలేదు.

టీచరు మీద నాకు ఫిర్యాదేం లేదు. ఆవిడకిచ్చిన జవాబుల్లో అదే ఉంది. నేను చదువుకున్నప్పుడూ అదే జవాబు. నా పేచీ ఆ జవాబుతోనే. నీళ్ల గురించి పిల్లలకు మనం చెప్పేదంతా కుళాయి దగ్గర మొదలై కుళాయి దగ్గరే ఆగిపోతుంది. ఆ నీళ్లు అక్కడిదాకా ఎక్కడి నుంచి వచ్చాయి, సింకులో పడ్డాక ఎక్కడికి పోతున్నాయి అన్నది పాఠంలో లేదు. పొదుపు నేర్పుతున్నాం గానీ నీళ్లు నేర్పడం లేదు.

నదుల నుంచీ సరస్సుల నుంచీ భూమి లోపలి నుంచీ మనుషులు తోడుకునే మంచినీళ్లలో, ప్రపంచం మొత్తం మీద దాదాపు 70 శాతం వ్యవసాయానికి పోతుంది. పరిశ్రమలు తమ వాటా తీసుకోగా ఇళ్లకు చేరేది పదో వంతు పైచిలుకు. ఆ పదో వంతులో పళ్లు తోముకోవడానికి ఖర్చయ్యేది ఎంతో మీరే ఊహించుకోండి. అలాగని కుళాయి వదిలేసి తోముకోమని నేననను. ఆ అలవాటు మంచిదే, మా ఇంట్లోనూ ఉంది. కానీ పాఠమంతా అదే అయితే, పిల్లలు పెద్దయ్యాక కుళాయి కట్టేసి, ఇక తమ వంతు అయిపోయిందనుకుంటారు. మనం అనుకోవట్లేదూ?

వస్తువుల వెనక దాగున్న ఈ నీళ్లకు 'వర్చువల్ వాటర్' అని పేరు పెట్టినాయన లండన్ ప్రొఫెసరు టోనీ అలన్. 1990ల మొదట్లో తెచ్చిన ఆలోచన అది. 2008లో ఆయనకు స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజ్ వచ్చింది. ఈ లెక్క మీద నా మిత్రుడొకడు గట్టిగానే వాదించాడు. చేలో పడే వాన నీళ్లూ, శుద్ధి చేసి మోటార్లతో ఎక్కించిన కుళాయి నీళ్లూ ఒకటెలా అవుతాయన్నాడు. నిజమే, ఒకటి కావు. వానకు పండిన పత్తి వేరు, నదిని మళ్లించి పండించిన పత్తి వేరు. ఆ తేడాను పిల్లలకు ఎందుకు చెప్పకూడదు?

తేడా చూపించడానికి ఆరల్ సముద్రం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. పేరుకు సముద్రం గానీ అది సరస్సు. విస్తీర్ణంలో ఒకప్పుడు ప్రపంచంలో నాలుగోది. దాన్ని నింపేవి రెండు నదులు, అము దరియా, సిర్ దరియా. 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం ఆ నదుల నీళ్లను ఎడారిలో పత్తి సాగుకు పెద్దఎత్తున మళ్లించింది. నది రాకపోతే సరస్సు ఏం చేస్తుంది? ఎండిపోయింది. ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో మొయ్‌నాక్ అనే పట్నం ఒకప్పుడు చేపల రేవు. అక్కడ ఓడలు ఇసుకలో తుప్పు పట్టి నిలబడి ఉంటాయి, చుట్టుపక్కల ఎక్కడా నీళ్లుండవు. ఆ ఫొటో చూపిస్తే మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఓడలు పారిపోలేకపోయాయా?" రెండోది, "మరి ఎవరూ ఆపలేదా?" మొదటిదానికి నవ్వాను. రెండోదాని కోసమే కదా ఈ కథ చెప్పేది అనిపించింది.

అలాగని ఓడల దగ్గరే ఆపేయకూడదు. 2005లో కజకిస్తాన్ వైపున కోక్-ఆరల్ ఆనకట్ట కట్టి ఉత్తరపు ముక్కలో నీళ్లు నిలబెట్టారు. నీటిమట్టం పెరిగింది, ఉప్పదనం తగ్గింది, చేపలు తిరిగొచ్చాయి. దక్షిణపు భాగం మాత్రం పోయింది పోయినట్టే ఉంది. పాడు చేసిందీ మనుషులే, కొంత బాగుచేసిందీ మనుషులే.

ఇక నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి. నీటి చక్రం బొమ్మ అందరం గీసే ఉంటాం. మూలన సూర్యుడు, కొండలు, మబ్బు, వాన, నది, సముద్రం, పైకి పోయే బాణాలు, కిందికి వచ్చే బాణాలు. నాకు పదికి పది వచ్చేవి. 2019లో 'నేచర్ జియోసైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, వేర్వేరు దేశాల పాఠ్యపుస్తకాల నుంచీ పరిశోధన వ్యాసాల నుంచీ ఇంటర్నెట్ నుంచీ 450కి పైగా అలాంటి బొమ్మలు సేకరించి పరిశీలించారు. వాటిలో 85 శాతం బొమ్మల్లో మనుషుల ప్రమేయమే లేదు. ఆనకట్ట లేదు, బోరు లేదు, పొలం లేదు, ఊరు లేదు. కాలుష్యాన్నో వాతావరణ మార్పునో చూపించినవి 2 శాతమే. చిన్నప్పుడు నేను గీసిన బొమ్మ గుర్తు తెచ్చుకుంటే, అందులో ఒక పడవ ఉండేది. అది కూడా ఖాళీది.

మనిషి లేని బొమ్మను ఏళ్ల తరబడి గీయించి, చివర్లో "నీటిని కాపాడేది నువ్వే" అంటే పిల్లకు ఏం అర్థమవుతుంది? బొమ్మలో చక్రం దానంతటదే చక్కగా తిరుగుతోంది. కాపాడడానికి అందులో తనకు చోటేదీ? అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ బొమ్మ ఎన్నో భాషల్లోకి వెళ్లి ఎన్నో బడుల గోడలెక్కింది; వాళ్లు కూడా 2022లో కొత్త బొమ్మ గీసి పొలాలను, ఊళ్లను, ఫ్యాక్టరీలను, రిజర్వాయర్లను అందులో చేర్చారు. మన క్లాసుల్లోకి అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాత బొమ్మ మీదే పెన్సిలుతో ఒక బోరు, ఒక డ్రైనేజీ పైపు గీయమంటే చాలు, అరగంట చర్చ దానంతటదే నడుస్తుంది.

ఇప్పుడు నా పొరపాటు. చిన్నోడికి ఐదేళ్లు. ఒకరోజు పెద్దదానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కథ చెబుతుంటే పక్కనే ఉండి విన్నాడు. మూడేళ్లు వరసగా వానలు తగ్గి, ఆనకట్టలు అడుగంటి, 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లకు మించి వాడొద్దని ఆ నగరంలో ఆంక్ష పెట్టారు. కుళాయిలు ఆగిపోయే రోజుకు 'డే జీరో' అని పేరు. ఆ రోజే వస్తే జనం వరసలో నిలబడి మనిషికి 25 లీటర్లు పట్టుకోవాలి. చివరికి ఆ రోజు రాలేదు. వాడకం బాగా తగ్గించారు, ఆ ఏడాది వానలు కూడా పడ్డాయి. ఈ చివరి వాక్యం మావాడు వినలేదు. వింటే నమ్మలేదో.

ఆ వారం బడి నుంచి వాడి నీళ్ల సీసా నిండుగా తిరిగి రావడం మొదలైంది. మర్చిపోతున్నాడు అనుకున్నాం. నాలుగో రోజు కడుపునొప్పి అని ఏడ్చాడు. ఏంట్రా నీళ్లు తాగట్లేదా అంటే, "నేను తాగేస్తే అయిపోతాయి కదా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఐదేళ్లవాడి నెత్తిన ఒక నగరం కరువును తీసుకెళ్లి పెట్టాను.

భయం సంగతి అలా ఉంచితే, "నీళ్లు అయిపోతాయి" అనే మాట అసలు సైన్సు ప్రకారమే తప్పు. భూమి మీద ఉన్న నీళ్లు ఎక్కడికీ పోవు. డైనోసార్ల కాలంలో ఉన్నవే తిరుగుతున్నాయి. ఒకచోట, ఒక కాలంలో, తాగడానికి పనికొచ్చే నీళ్లు లేకుండా పోతాయి. ఇది చెప్పడానికి రెండు ముక్కలు ఎక్కువ పడుతుంది, కానీ పిల్లవాడు సీసా తెరుస్తాడు. డైనోసారు తాగిన నీళ్లే ఇవి అన్నాక మావాడు రెండు గ్లాసులు ఎక్కువే తాగాడు.

కేప్‌టౌన్‌లో రాకుండా పోయిన ఆ రోజు, చాలామందికి రోజూ ఉండేదే. ఇంటి దగ్గర, కావలసినప్పుడు, సురక్షితమైన నీళ్లు దొరకనివాళ్లు ప్రపంచంలో 200 కోట్లకు పైగా ఉన్నారు. "నువ్వు వృథా చేస్తున్నావు, అక్కడ వాళ్లకు లేవు" అని పిల్లల్ని మందలిస్తుంటాం. మా అమ్మాయి ఆదా చేసిన గ్లాసు వాళ్ల బిందెలోకి వెళ్లదు. అక్కడికి వెళ్లాల్సింది పైపులు, డబ్బు, నిర్ణయాలు. 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సురక్షితమైన తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. దానం సంగతి ఎంత చెబుతామో హక్కు సంగతి కూడా అంత చెప్పాలి కదా. పదేళ్ల పిల్లలకు 'హక్కు' అనే మాట బాగానే అర్థమవుతుంది. టీవీ రిమోట్ దగ్గర రోజూ వాడుతూనే ఉంటారు.

భూమి కింద ఏముందో చూపించడం ఇంకో పని. చాలామంది పెద్దవాళ్లకు కూడా, బోరు వేస్తే కింద ఎక్కడో ఒక చెరువు తగులుతుందని ఊహ. మేం ఒక గాజు సీసాలో సగం దాకా గులకరాళ్లు, ఇసుక నింపి నీళ్లు పోశాం. నీళ్లు కనబడకుండా సందుల్లోకి దిగిపోయాయి. స్ట్రా గుచ్చి పీలిస్తే వచ్చాయి. ఇంకో స్ట్రా ఇంకాస్త లోతుగా గుచ్చి తమ్ముడు పీల్చేసరికి అక్క స్ట్రాలోకి గాలి వచ్చింది. పక్కింటివాళ్లు లోతుగా బోరు వేస్తే మన బోరు ఎందుకు ఎండుతుందో నేను చెప్పే అవసరం రాలేదు. పిల్లలిద్దరూ కొట్టుకుని తేల్చేశారు. ద్రవరూపంలో ఉన్న మంచినీళ్లలో 99 శాతం ఇలా భూమి లోపలే ఉన్నాయి. కనబడవు కాబట్టే ఎంత తోడేశామో తెలియదు. దాన్ని తూచడానికి 2002లో రెండు ఉపగ్రహాలు పంపారు, పేరు గ్రేస్. 2017 దాకా అవి ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తిరిగాయి. కింద నీళ్లు ఎక్కువుంటే అక్కడ భూమి ఆకర్షణ రవ్వంత ఎక్కువ. ముందున్నది కాస్త ముందుకు లాగబడేది, మధ్య దూరం వెంట్రుకవాసికన్నా తక్కువ మారేది. ఆ మార్పును కొలిచి కింద నీళ్లు తగ్గాయో పెరిగాయో చెప్పేవారు. శాస్త్రవేత్తలు వాటికి పెట్టుకున్న ముద్దుపేర్లు టామ్, జెర్రీ. ఈ ముక్క మావాళ్లిద్దరూ ఎన్నిసార్లు చెప్పించుకున్నారో లెక్కలేదు.

ఇక సింకు కింద కథ. ఇది చెప్పడానికి పెద్దవాళ్లకు మొహమాటం. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ తాగునీటిలో కలపడం 1968 నుంచీ జరుగుతోంది. అంతరిక్ష కేంద్రంలో మూత్రాన్నీ చెమటనూ కూడా వడగట్టి తాగునీళ్లు చేస్తారు. "ఛీ" అన్నారు మావాళ్లు, తర్వాత గంటసేపు అదే మాట్లాడారు. పిల్లలకు అసహ్యం కన్నా ఆసక్తి కలిగించే పాఠం ఇంకోటి లేదు, మనమే వాడుకోం. దీనికి రెండో వైపు 1854 నాటి లండన్. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునేవాళ్లకు చెప్పాల్సిన కథ. బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు నీళ్లు తేటగా, రుచిగా ఉంటాయని పేరు. ఆ రుచి కోసం దూరంగా హ్యాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒకావిడ ప్రత్యేకంగా తెప్పించుకుని తాగి, కలరాతో చనిపోయింది. ఆ పేటలో 600 మందికి పైగా పోయారు. జాన్ స్నో అనే డాక్టరు ఇంటింటికీ తిరిగి ఎవరు ఎక్కడి నీళ్లు తాగారో అడిగి, ఆ పంపు పిడి తీయించాడు. పంపు పక్కనే పాత మురుగుగుంట ఒకటి కారుతోందని తర్వాత తేలింది. కంటికి శుభ్రంగా కనబడేవన్నీ శుభ్రం కావని చెప్పడానికి నాకు ఇంతకన్నా సూటి కథ దొరకలేదు. అసలు ఇంటింటికీ తిరిగి అడగడమనే పని పిల్లలకు ఎంత నచ్చుతుందో.

ఇవన్నీ పిల్లల చేతిలో లేనివి కదా, వాళ్లు చేయగలిగింది కుళాయి కట్టేయడమే కదా అంటారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. చిన్నపిల్లలకు చేతికందే పని ఒకటి ఉండాలి, లేకపోతే మావాడిలా అవుతారు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. మనం చేయాల్సిన పనులు చేయకుండా, పిల్లల్ని ఇంట్లో నీళ్ల పోలీసుల్ని చేసి, తాతయ్య స్నానం దగ్గర నిలబెట్టి, వాళ్లు కసురుతుంటే ముచ్చటపడుతున్నాం. నాకు ఆ ముచ్చట మీద గురి తగ్గిపోయింది. మా కుళాయి కారింది నాలుగు రోజులు, బాగుచేయించాల్సింది నేను. పిల్ల లెక్కవేసి అంకె చూపించాకే ప్లంబరుకు రెండోసారి ఫోన్ చేశాను.

మన భాషలో నీళ్లకు పెద్ద విలువ ఉన్నట్టు కనబడదు. డబ్బు నీళ్లలా ఖర్చు పెట్టాడంటాం, తేలిక పనిని మంచినీళ్లప్రాయం అంటాం. కానీ 'నీరు పల్లమెరుగు' అన్న రెండు మాటల్లో మొదటి పాఠమంతా ఉంది. ఎక్కడ పడినా పల్లానికి పోతుంది, పోతూ దారిలో ఉన్నదంతా మోసుకుపోతుంది. పరీవాహక ప్రాంతం అనే పెద్దమాట నోరు తిరగని పిల్లలకు కూడా ఇది అర్థమవుతుంది.

మొన్న వాన వెలిశాక అమ్మాయి గొడుగు తీసుకుని, "మన మేడ మీది నీళ్లు ఎక్కడికి పోతాయో చూద్దాం రా నాన్నా" అంది. నాకు తెలియదు. ఇన్నేళ్లుగా అదే ఇంట్లో ఉంటున్నాను. పైపు దగ్గర కాగితం పడవ వేసింది. అది గోడవారన కొంతదూరం వెళ్లి, ఎవరో కడిగిన బండి నురగలో కాసేపు చిక్కుకుని, ఒక ప్లాస్టిక్ కవరును దాటి, రోడ్డు వార కాలువలో పడింది. తను పక్కనే నడుస్తూ నోటుబుక్కులో మలుపులు గీసుకుంది. నాలుగో మలుపు దగ్గర పడవ ఒక తూము కిందికి దూరిపోయింది. రోడ్డుకు అటువైపు వెళ్లి చాలాసేపు నిలబడ్డాం, బయటికి రాలేదు. చీకటి పడుతోందని ఇంటికొచ్చేశాం. ఆ తూము ఎక్కడ తేలుతుందో ఆదివారం వెళ్లి వెతకాలట. నోటుబుక్కులో ఆ చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంచింది.